అట్టడుగు మెట్టు

లింగరాజపురం. వంతెన కింద వాన నీళ్లు ఇంకా తియ్యని శనివారం.
ఈ బడిలో గంట మోగదు,
ట్యూబులైటు మూడుసార్లు ఆరి వెలుగుతుంది.
దాని కిందే పెట్టాను నా నల్లడబ్బా,
ఇటుకంత ఎన్‌కోడర్.
ఫ్యాను కందిరీగలా గుయ్‌మంటోంది.
ఆ గదిలో ఆ రొద నా ఒక్కడికే.

కెమెరా నుంచి ఒక కేబుల్, గోడ నుంచి ఒకటి.
అడుగున అంటించిన నెంబరు ల్యాప్‌టాప్‌లో కొట్టి
నిచ్చెన కట్టడం మొదలెట్టాను:
పైన వెయ్యీ ఎనభై, దాని కింద ఏడొందల ఇరవై,
దిగుతూ దిగుతూ, అట్టడుగున రెండొందల నలభై.
బడి లైను పన్నెండు మెగాబిట్లు,
వాన పడితే ఏడు.
రెండు సెకన్లకో కీఫ్రేమ్, అన్ని మెట్లకీ ఒకే క్షణంలో.
లేకపోతే సిగ్నల్ సన్నగిల్లి దిగేవాడి కాలు
గాల్లో పడుతుంది.

పదకొండేళ్లుగా ఇదే పని.
పెళ్లిళ్లు, కంపెనీ సభలు, ప్రవచనాలు.
ఎక్కడైనా మాకు ఒకటే సూత్రం:
బొమ్మ చెడితే చెడనీ, మాట తెగకూడదు.
ఆ అలవాటుకొద్దీ
కింది మెట్టుకి సెకనుకి పన్నెండు ఫ్రేములు చాలన్నాను,
ఆడియోకి నూట ఇరవై ఎనిమిది
ముడుపులా కట్టి పక్కన పెట్టాను.

వైజయంతి టీచర్ కెమెరా ముందు నిలబడింది.
నా పాత ఫోనులో, కింది మెట్టు మీద, చూశాను.
వేళ్లన్నీ అతుక్కుని గరిటెలయ్యాయి.
ఏడు అందో, ఎనిమిది అందో,
గోడ మీద తడిగుడ్డ తుడిచినట్టు పోయింది.
ఆమె కూడా చూసింది.
నా చేతిలోంచి నోటుపుస్తకం లాక్కుని
కన్నడ అక్షరాల్లో తెలుగు రాసింది:
"నాకు నత్తి వచ్చింది."

ఎవరికోసం దాచాను
ఆ నూట ఇరవై ఎనిమిది?

తీసేశాను. ప్లేయర్ మొరాయించింది,
శబ్దం లేని బొమ్మని అది లోపలికి రానివ్వదట.
సరే, పదహారు కిలోబిట్ల నిశ్శబ్దం పోశాను.
నిశ్శబ్దాన్ని తూచి పంపడం నాకదే మొదలు.
మిగిలిందంతా ఆమె వేళ్లకి.
పన్నెండు ఫ్రేముల్ని ఇరవై అయిదు చేశాను.
రంగు పోతే పోనీ, అంచు నిలిస్తే చాలు.

అయినా చాల్లేదు.
చీర.
నెమళ్ల మొలకాల్మూరు, పిల్లల కోసం ముస్తాబై వచ్చింది పాపం.
ఒక్కో నెమలీ
వేళ్ల నోటికాడి బిట్లు పొడుచుకు తింటోంది.
పరాయి మనిషితో ఈ చీర వద్దని ఎలా చెప్పను?
నెమలిని చూపించి, నా పొట్ట నిమిరి, తేన్చాను.
విరగబడి నవ్వింది. ఆ నవ్వుకి చప్పుడుంది.
లోపలికెళ్లి
ఆయా చౌడమ్మ ముదురు నీలం స్వెటరు తొడుక్కొచ్చింది,
మోచేతి దగ్గర చిరుగుతో సహా.

పదిన్నరకి లైవ్. నలభై ఒక్కమంది.
వర్గ సమీకరణాలు.
గ్రాఫులో గీతలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి.
ఒక్క చుక్క మాత్రం గంటసేపూ అట్టడుగునే,
శ్రీనివాసపురం మామిడితోటల్లో ఎక్కడో,
పైకెక్కదు, రాలిపోదు.
పైమెట్ల వాళ్లని వాళ్ల మానాన వదిలేసి
దాన్నే కాపలా కాశాను,
కుంపటి మీది పాలని చూసినట్టు.

క్లాసయ్యాక టీచర్ ఫోనుకి ఒక వీడియో వచ్చింది.
ఎవరో కుర్రాడు, వెనక లారీ టైర్లు,
గ్రీజు చేతులు, గబగబా వేళ్లు.
ఆమె రెండుసార్లు చూసి,
బోర్డు వైపు తిరిగి, నాలిక కరుచుకుంది.
నోటుపుస్తకం అందుకుంది:
"మూడో లెక్కలో మైనస్ మింగేశానంట.
నిజమే."

కేబుల్ చుడుతున్నాను. ఫ్యాను ఆగింది.
గదిలో అందరూ ఆ మైనస్ మీద
చేతులు తిప్పుతూ పోట్లాడుకుంటున్నారు,
ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ.
గుమ్మంలో నిలబడి చూశాను.
ఆగి ఆగి
ఒకటో రెండో వేళ్లు మాత్రం అందాయి నాకు.